సగటు పదిహేను నిమిషాలు

నేను ఎనిమిదో తరగతికి కాలం, దూరం, వేగం పాఠం చెప్తాను. రెండు రైళ్లు ఎదురెదురుగా బయలుదేరితే ఎక్కడ కలుసుకుంటాయో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అయితే ఆ రైళ్లలో ఒకదాంట్లోనైనా ఎక్కి కూర్చున్నవాణ్ణి కాదు. బంగారుపాళ్యంలో మేం అద్దెకున్న ఇంటికీ, నేను పనిచేసే బడికీ మధ్య రెండు వీధులు. మొదటి గంట కొట్టేటప్పుడు నేను ఇంట్లో చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఉంటాను. రెండో గంటకు బడి గేటు దగ్గర నిలబడి, ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని నిలదీస్తూ ఉంటాను. దూరపు పల్లెల పిల్లలు "బస్సు లేటు సార్" అంటే, "ముందు బయల్దేరాలి" అని చెప్పేవాణ్ణి. ఇంత సులువైన సంగతి వాళ్లకెందుకు తోచదో నాకు అర్థమయ్యేది కాదు.

నా భార్య జయంతి చిత్తూరులో ఒక ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. పొద్దున్నే షుగర్ పరీక్షకు పరగడుపున వచ్చినవాళ్లు ఆమె వచ్చి రక్తం తీసేదాకా కాఫీ చుక్క ముట్టకూడదు. అందుకని పెళ్లయిన నాటి నుంచి ఆమె పొద్దున్నే బస్సెక్కి పోతుంది, సాయంత్రం బస్సెక్కి వస్తుంది. నేను బడి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, టీ పెట్టుకుని తాగి, తీరిగ్గా ఫోన్ చేస్తాను.

"యాడికొచ్చినావు?"

"ఈడనే ఉండాను. వస్తా."

రోజూ ఇదే ప్రశ్న, ఇదే జవాబు. ఈడ అంటే యాడ అని నేనెప్పుడూ అడగలేదు. దగ్గర్లోనే అయ్యుంటుందని అనుకుని బియ్యం కడిగి పెట్టేవాణ్ణి. ఈ బియ్యం కడిగే సంగతి స్టాఫ్ రూములో ఒకటి రెండుసార్లు చెప్పుకున్నాను కూడా. ఆడవాళ్ల కష్టం తెలిసిన మగాడిగా నాకు బడిలో కొంచెం పేరుంది.

ఇల్లు కొందామని అనుకోగానే తెలిసినవాళ్లంతా సలహాదారులైపోయారు. చిత్తూరు వైపు ఎవరికి నాలుగు రాళ్లు కూడినా తిరుపతి వైపే చూస్తారు. మా సైన్సు మాస్టారు జయరావు, "అలిపిరి దగ్గర కొనప్పా, వాకిట్లో నిలబడితే కొండ కనిపిస్తాది" అన్నాడు. "కొండ కనిపిస్తాది, బడి కనిపించదు గదా" అన్నాను. నేను ఏడాదికి రెండుసార్లు కొండెక్కుతాను, బడి మెట్లు మాత్రం రోజూ ఎక్కాలి. ఇల్లు కొనేవాడు వాస్తు కంటే ముందు, ఇంటి నుంచి పనికి ఎంతసేపు పడుతుందో చూసుకోవాలని అందరికీ పాఠం చెప్పాను. ఆ సిద్ధాంతంలో ఇప్పటికీ నాకు తప్పేమీ కనిపించదు. ఎవరి పనికి అన్నది మాత్రం అందులో చేర్చలేదు.

చివరికి రెండిళ్లు మిగిలాయి.

మొదటిది నాతో చదువుకున్న ధనంజయ కట్టి అమ్ముతున్నది. బంగారుపాళ్యం దాటి చిత్తూరు వైపు హైవే పక్కన ఒక మామిడితోట కొట్టేసి, అక్కడ వరసగా ఇళ్లు కట్టి, దానికి మ్యాంగో గార్డెన్స్ అని పేరు పెట్టాడు. ఇంటికి రెండు మామిడి మొక్కలు ఉచితం. తూర్పు వాకిలి, టేకు తలుపు, వెడల్పాటి వరండా. ఆ వరండాలో కుర్చీ వేసుకుని కాఫీ తాగుతూ పిల్లల పేపర్లు దిద్దుకుంటున్నట్టు ఒక్క క్షణంలో నన్ను నేను చూసేసుకున్నాను. ఆ బొమ్మలో జయంతి లేదు. బస్సులో ఉండి ఉంటుంది.

రెండోది చిత్తూరు గిరింపేటలో వసంతమ్మగారి ఇల్లు. ఆమె రిటైరైన టీచరు, తిరుపతిలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతూ ఇల్లు అమ్ముతున్నారు. సందు సన్నం, వాకిలి పడమర, వరండా మాటే లేదు. ఎదురింటివాళ్లకు పొలమారితే మనం కూర్చున్నచోటి నుంచే మంచినీళ్లు అందించవచ్చు. వీధి చివర మలుపు తిరిగితే జయంతి ఆస్పత్రి. ఆ ఇల్లు చూసిన రోజు ఆమె గదులు చూడలేదు, వంటిల్లు చూడలేదు. వాకిట్లో నిలబడి ఆస్పత్రి వైపు చూసి, "ఈడ్నించి నడిచే పోవచ్చు" అంది. పెళ్లయ్యాక ఆమె నన్ను గట్టిగా ఏదైనా అడిగిందంటే అదే. అడుగుతోందని కూడా నాకు తెలియలేదు. ఏదో దూరం గురించి అంటోందనుకుని తలూపాను.

ఇంటికొచ్చి లెక్క మొదలుపెట్టాను. నాది మామూలు లెక్క కాదు, కొలిచి చేసిన లెక్క. మాఘమాసంలో ఒక ఆదివారం పంచాంగం చూసుకుని, వర్జ్యం లేని గడియలో, మ్యాంగో గార్డెన్స్ దగ్గర బైకు స్టార్టు చేసి చిత్తూరు దాకా పోయి వచ్చాను. ఇంటి పని మీద పోతూ చెడు గడియలో ఎట్లా బయలుదేరుతాం? రోడ్డు మీద నేనూ, గట్ల మీద కొంగలూ తప్ప ఎవరూ లేరు. రెండు పక్కలా మామిడి పూత వాసన. పోవడానికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. నేను పోయింది బైకు మీద, ఆమె పోయేది బస్సులో. అయితే ఏం, రెండిటికీ ఉన్నది చక్రాలే కదా అనుకున్నాను. మ్యాంగో గార్డెన్స్ నుంచి మా బడికి అయిదు నిమిషాలు. రెండూ కూడి రెండుతో భాగించాను.

"మనిద్దరికీ కలిపి సగటు పదిహేను నిమిషాలు" అని ఆ సాయంత్రం ప్రకటించాను. "అదే గిరింపేట అయితే నువ్వు నడిచి పోతావు సరే, నేను బంగారుపాళ్యం దాకా రావాల. సగటు పెరిగిపోతాది."

జయంతి చపాతీ పిండి పిసుకుతోంది. చెయ్యి ఆపకుండానే, "సగటు బస్సెక్కతాదా? ఎక్కేది నేను గదా" అంది.

లెక్కల మాస్టరుకు ఇట్లాంటివి కొత్త కాదు. వెనక బెంచీ నుంచి వచ్చే ప్రశ్న కింద దాన్ని పక్కన పెట్టాను.

"ఒక్కసారి నాతో బస్సులో రాండి" అంది ఆమె. "సీజన్లో, నేను పొయ్యే టయానికి. ఆమీట మీరు యే ఇల్లంటే ఆ ఇల్లు."

సరేనన్నాను. ఆ తర్వాత పరీక్షలు వచ్చాయి, పేపర్లు దిద్దడం వచ్చింది, వేసవి సెలవులు వచ్చాయి. జూన్లో బడి తెరిచినా నేను బస్సు ఎక్కలేదు. రోజూ మా నాయనకు, అంటే తోటలో కాయలు కోయించుకుంటున్న మనిషికి, ఫోన్లో ఈ సగటు గొప్పతనం వర్ణిస్తూ వచ్చాను. ఆయన "మంచిదే గదా" అనేవాడు.

జ్యేష్ఠం చివరికొచ్చింది. శనివారం వసంతమ్మగారు ఫోన్ చేశారు.

"చూడప్పా, సోమవారం పొద్దున రాహుకాలం రాకముందే వచ్చి తాంబూలం ఇస్తే ఇల్లు మీది. రాహుకాలం పొయ్యేలోపల అమావాస్య ఘడియలు వచ్చేస్తాయి, ఆపైన ఆషాఢం. ఆషాఢంలో మీరు ఎట్లాగూ రారు. వేలూరు వాళ్లు కాసుకోనుండారు. అరవోళ్లు గదా, అమావాస్య వాళ్లకు మంచి రోజు. మీరు రాకుంటే మధ్యాహ్నం వాళ్లకు ఖాయం చేసేస్తాను."

ధనంజయ కూడా అదే మాట. ఆషాఢంలో ఆఫీసు తాళం, శ్రావణంలో కొత్త రేటు. నెలల తరబడి నాన్చిన విషయం సోమవారం పొద్దుటికి వచ్చి నా నెత్తిన కూర్చుంది. సోమవారం రాహుకాలం ఏడున్నరకే మొదలవుతుంది కూడా.

అప్పుడు నేనొక పందెం తయారుచేశాను. సోమవారం జయంతితో ఆమె బస్సులోనే చిత్తూరు పోతాను. బస్సు సరైన టైముకు చేరితే నా లెక్క నిజం, తాంబూలం ధనంజయకు. ఆలస్యమైతే ఆమె మాట నిజం, తాంబూలం వసంతమ్మగారికి. ఎంత న్యాయమైన పందెమో అని నన్ను నేనే మెచ్చుకున్నాను. జయంతి నా వైపు కాసేపు చూసి, "సరే" అంది. ఆ చూపు ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

సోమవారం తొలి బస్సుకు ఇద్దరం ఎక్కాం. ఒళ్లో తాంబూలం సంచి పెట్టుకుని కూర్చున్నాను. తమలపాకులు, వక్కలు, పసుపుకొమ్ములు, అరటిపళ్లు, కొబ్బరికాయ. ఎవరికిచ్చేదో తేలని తాంబూలం. బస్సు ఊరు దాటింది, గాలి చల్లగా తగిలింది. మ్యాంగో గార్డెన్స్ బోర్డు వచ్చినప్పుడు నేను గొంతు సవరించుకుని, "చూసినావా, అప్పుడే వచ్చేసినాం" అన్నాను. జయంతి చేతిసంచిలోంచి పాత క్యాలెండర్ అట్ట ముక్క ఒకటి తీసి చేతిలో పట్టుకుంది.

అదెందుకో ఇంకాసేపటికి తెలిసింది. బస్సు ఆగింది. ఇంజన్ కూడా ఆగింది. గాలి ఆగిపోయింది. జయంతి అట్టతో విసురుకోవడం మొదలుపెట్టింది. బస్సులో ఉన్నవాళ్లు ఒక్కరు కూడా ఏమైందని అడగలేదు. ముందు సీటాయన కండువా ముఖం మీద వేసుకుని నిద్రకు ఉపక్రమించాడు. కిటికీలోంచి తల బయట పెట్టి చూశాను. గుజ్జు ఫ్యాక్టరీకి పోయే తోతాపురి కాయల ట్రాక్టర్లు. ఒక వరస కాదు, రెండు వరసలు. వాటి మొదలు ఎక్కడుందో కనిపించలేదు.

ఇక్కడ నా గురించి ఒక ముక్క చెప్పాలి. నేను మామిడి రైతు కొడుకుని. ఈ ట్రాక్టర్ల బారు నేను పుట్టినప్పటి నుంచీ ఏటా చూస్తున్నదే. కానీ దాన్ని చూస్తే మా వాళ్లకు తోచేది ఒక్కటే, ఈ ఏడు కాపు ఎట్లుంది, ధర ఎట్లుంది. బారు పొడుగ్గా ఉంటే కాపు బాగుందనీ, ధర పడిపోతుందనీ బాధపడతాం. అది రోడ్డు మీద ఉందనీ, ఆ రోడ్డు మీద బస్సులు కూడా పోవాలనీ మాలో ఎవరికీ తట్టదు. పైగా బారు ముదిరేది ఆషాఢంలో. ఆషాఢంలో ఇల్లు చూడకూడదు, ఇంటి మాట ఎత్తకూడదు. కాబట్టి ఇల్లు కొనేవాడెవడూ మామిడికాయల కాలంలో ఈ రోడ్డును చూసి ఉండడు. మా వైపు ఇళ్లన్నీ మాఘమాసపు రోడ్డును చూసి కొన్నవే. ఇంతమంది చేసిన తప్పును నేను మాత్రం లెక్కవేసి మరీ చేశాను.

జయంతి ల్యాబులో తనతో పనిచేసే కృపారాణికి ఫోన్ చేసింది. "కృపా, లైన్లో ఉండాను. పరగడుపున వచ్చినోళ్లను ముందు చూడు. పెద్దామె ఒకామె వస్తాది, ఆమెకు కళ్లు తిరగతాయి, కూర్చోబెట్టి తియ్యి." ఎంతసేపట్లో వస్తావని అవతలి మనిషి అడిగినట్టు లేదు.

"సీజనంతా ఇంతేనా?" అన్నాను.

"ఇంతకంటే బాగుండే దినాలు కూడా ఉంటాయి. తొలి బస్సు గాబట్టి ఈడిదాకా వచ్చినాం."

"అందుకేనా ఈ నెలలో చీకటితోనే పోతా ఉండేది? డ్యూటీ మారిందేమో అనుకున్నాను."

"చెప్పినాను గదా. మీరు పేపర్లు దిద్దుకుంటా ఉంటిరి."

వాచీ చూసుకున్నాను. రాహుకాలం దగ్గరికొస్తోంది. నా పందెంలో లోపం అప్పుడు కనిపించింది. బస్సు ఆలస్యమైతే జయంతి గెలుస్తుంది. కానీ బస్సు ఆలస్యమైతే వసంతమ్మగారి ఇల్లు వేలూరు వాళ్లకు పోతుంది. ఆమె గెలిచినా ఓడినా నాకు వరండాయే. ఇంత పకడ్బందీ లెక్క నేను కావాలని వేసినా కుదిరేది కాదు. శనివారం ఆమె నన్ను అంతసేపు ఎందుకు చూసిందో తెలిసి, సీట్లో కూర్చోలేకపోయాను.

"నువ్వు అప్పుడే చెప్పొచ్చు గదా" అన్నాను.

"మీరు లెక్కల సారు గదా, మీకు తెలిసే ఉంటాదనుకున్నాను" అంది. వెటకారమో కాదో ఆమె ముఖం చూసి చెప్పడం కష్టం.

నాకు కోపం వచ్చింది. నా మీద రావాల్సింది ట్రాక్టర్ల మీదికి వచ్చింది. తాంబూలం సంచితోనే బస్సు దిగి ముందుకు నడిచాను. ఒక ట్రాక్టరు ట్రాలీ వెనకభాగం సగానికి మా దారిలోకి పెట్టుకుని నిలబడి ఉంది. అదొక్కటీ పక్కకు జరిగితే బస్సు కొంచెమైనా కదులుతుందని తోచింది. డ్రైవరు సీటు ఖాళీ. గేటు దగ్గర పిల్లల్ని అదిలించే గొంతు తెచ్చుకుని అరిచాను.

"ఎవరిదయ్యా ఈ బండి? రోడ్డు మీ నాయన సొమ్మనుకున్నారా?"

ట్రాలీ కింద పరిచిన గోనెపట్టా మీద నుంచి ఒక మనిషి లేచి, తలకు తుండు చుట్టుకుంటూ బయటికొచ్చాడు. మా నాయన సుబ్రమణ్యం.

"రోడ్డు సంగతి తెలీదు గానీ, బండి మీ నాయనదే" అన్నాడు.

చుట్టూ ట్రాక్టర్ల మీద కూర్చున్నవాళ్లంతా నవ్వారు. నేను కూడా నవ్వబోయాను, ముఖం సహకరించలేదు.

"నాయనా, నువ్వు ఈడ ఎప్పటి నుంచి ఉండావు?"

"మొన్నట్నించి. రేపటికి గేటు దాటతానేమో."

"నాకు చెప్పలేదే?"

"చెప్పేదానికే ఫోన్ చేసినాను. లైన్లో ఉండాను రా అనేలోపల నువ్వు పదిహేను నిమిషాలు, సగటు అంటా ఎత్తుకుంటివి. ఈ బండి కిందనే పండుకోని ఇన్నాను. మంచిదే గదా అని పెట్టేసినాను."

మా తోట నుంచి ఆ ఫ్యాక్టరీకి దూరం ఎంతో నాకు తెలుసు. ఆయన వేగం కట్టాలంటే నా పాఠంలో ఉన్న సూత్రం సరిపోదు. చాలా సిగ్గేసింది. ఇంతలో ఆయన నా భుజం మీదుగా వెనక్కి చూసి, ముఖం విప్పార్చుకుని పలకరించాడు.

"యేమ్మా, ఈ పొద్దు నీ బస్సు ఇంత ఎనకబడిందే? చూస్తా ఉండాను."

జయంతి దిగి వచ్చింది. చేతిసంచిలోంచి ఒక డబ్బా తీసి ఆయన చేతికిచ్చింది. "సంగటి చేసేదానికి టయిము లేదు మామా. ఇడ్లీలే." ఆయన అలవాటైన మనిషిలా డబ్బా తీసుకుని, మొన్నటి ఖాళీ డబ్బా తిరిగి ఇచ్చాడు. సీజన్లో ఆమె రెండు డబ్బాలు కట్టుకుని పోవడం నేను చూస్తూనే ఉన్నాను. ఆకలెక్కువేమో అనుకున్నాను.

"మీరిద్దరూ ఈడ కలుసుకుంటా ఉంటారా?" అని అడిగాను.

"ఏటా" అన్నాడు నాయన. "బస్సు మరీ కదలకుంటే నేనే టీవీఎస్ మీద దింపి వస్తాను."

"పోయినేడు చెప్పినాను గదా, మామ దింపినాడని" అంది జయంతి.

చెప్పింది. నాకు గుర్తుంది. నాయనకు చిత్తూరులో ఏదో పనుండి పోతూ దింపాడేమో అనుకుని, "మంచిది" అని కూడా అన్నాను. ఇన్నేళ్లుగా నా భార్యా మా నాయనా ఈ రోడ్డు మీద డబ్బాలు మార్చుకుంటూ, ఒకరి కోసం ఒకరు కాసుకుంటూ ఉన్నారు. ఈ రోడ్డు మీదికి రానివాణ్ణి ఇంట్లో నేనొక్కణ్ణే. వాళ్లిద్దరికీ దారి గురించి పాఠం చెప్పింది కూడా నేనే.

జయంతి ఆయనకు తాంబూలం సంగతి చెప్పింది. ఆయన ఆకాశం వైపు ఒకసారి, నా వాచీ వైపు ఒకసారి చూశాడు. ట్రాలీకి ఆనించి ఉన్న టీవీఎస్ మోపెడ్‌ను స్టాండు తీసి ముందుకు తెచ్చాడు.

"తోటల్లో నుంచి దోవ ఉండాది. బిన్నా పోతే రాహుకాలం రాకముందే అందుకుంటాము. ఎక్కమ్మా." ఆపైన నా వైపు తిరిగాడు. "రేయ్ శేఖరా, బండి దగ్గర నువ్వుండాల. లైను కదిలినప్పుడు మనం కదలకుంటే ఎనకాలోడు ముందుకొచ్చేస్తాడు. మొన్నట్నించి కాసుకున్న చోటు పోతాది. క్లచ్చు మరిచిపోలేదు గదా?"

మరిచిపోలేదన్నాను. బడికి సెలవు చెప్పడం ఒక్కటే ఇక మిగిలిన పని. నా చేతిలో తాంబూలం సంచి ఇంకా ఉంది. జయంతి చెయ్యి చాపలేదు, అడగలేదు. మోపెడ్ పక్కన నిలబడి నన్ను చూస్తోంది. ఆ క్షణంలో కూడా నా నోటికొచ్చిన మాట, "ఈ పొద్దు స్పెషల్ రద్దీ అయ్యుంటాది, మామూలుగా అయితే..." నాయన మోపెడ్ స్టార్టు చేయబోతూ కాలు ఆపి నా వైపు చూశాడు. మిగతా వాక్యం మింగేశాను.

సంచి ఆమె చేతిలో పెట్టాను. "వసంతమ్మగారికే ఇయ్యి" అన్నాను.

"మీకు రోజూ ఇదే రోడ్డు" అంది ఆమె. "సీజన్లో చీకటితోనే లేవాల. బాగా ఆలోచించుకోండి."

"తెలుసు" అన్నాను. నిజానికి నాకేమీ తెలియదు. తెలిసినామె ఎదురుగా నిలబడి ఉంది, ఆమె ఇన్నేళ్లుగా పోగలిగినప్పుడు నేను పోలేనా అనుకున్నాను. జయంతి చేతిసంచిలోంచి క్యాలెండర్ అట్ట తీసి నాకిచ్చింది. "ఎండెక్కతాది" అంది. సంచి ఒళ్లో పెట్టుకుని నాయన వెనక కూర్చుంది. మోపెడ్ రోడ్డు దిగి, మామిడిచెట్ల మధ్యలోకి మలుపు తిరిగి, కనిపించకుండా పోయింది.

ట్రాక్టరెక్కి కూర్చున్నాను. బడికి సెలవు చెప్పడానికి జయరావుకు ఫోన్ చేశాను. రావడం లేదని చెప్పాను. "యేమప్పా, రెండు వీధులు నడవలేకపోతివా?" అన్నాడు. లైన్లో ఉన్నానన్నాను. ఏ లైన్లో అని అడిగాడు. తర్వాత చెప్తానన్నాను.

ఎండెక్కింది. వెనక తోతాపురి కాయలు వేడెక్కి పుల్లటి వాసన కొట్టాయి. ఒకసారి లైను కదిలింది. గాభరాగా క్లచ్చు వదిలితే బండి గుర్రంలా ఎగిరి ఆగిపోయింది, వెనకాయన పగలబడి నవ్వాడు. మళ్లీ స్టార్టు చేసి, ముందున్న ట్రాలీ వెనక చేరి ఆపాను. ట్రాలీ తోక మళ్లీ దారిలోకే వచ్చింది, ఎట్లా తిప్పినా అంతే. వెనక ఇంకో బస్సు వచ్చి ఆగింది. అందులోంచి తెల్లచొక్కా ఆయన ఒకడు దిగి, విసవిసా నా దగ్గరికి వచ్చాడు.

"యేమయ్యా, రోడ్డు మీ నాయన సొమ్మా?"

"బండి మా నాయనది సార్" అన్నాను. "రాండి, ఈడ కొంచెం నీడుండాది."

ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి వెళ్లిపోయాడు. నాకు ఆయన మీద జాలేసింది. మాఘమాసంలో ఇల్లు కొనుంటాడు.

వచ్చే ఏడు ఈ కాలానికి నేను ఇటు నుంచి అటు కాదు, అటు నుంచి ఇటు వస్తూ ఉంటాను. బడి గేటు దగ్గర ఇంకెవరో నిలబడి, ముందు బయల్దేరాలి మాస్టారూ అంటారు. తల వంచుకుని లోపలికి పోతాను. పల్లెల పిల్లలు నా పక్కనే నడుస్తూ ఉంటారు.

ఫోన్ మోగింది. జయంతి.

"ఇచ్చేసినాను" అంది. "రాహుకాలం రాకముందే. వసంతమ్మగారు తీసుకున్నారు." ఆపైన, "ఆడ్నించి ల్యాబుకు నడిచే వచ్చినాను" అంది. వెనక ఎవరో దగ్గుతున్నారు, కృపారాణి ఎవరినో పేరు పెట్టి పిలుస్తోంది. "మంచిది" అన్నాను. నా నోటి నుంచి వచ్చిన ఆ మాట ఈసారి నేను విన్నాను.

"మామ టీ తాగి బయల్దేరినాడు, వచ్చేస్తాడు" అంది. తర్వాత అడిగింది. "మీరు యాడికొచ్చినారు?"

ముందుకు చూశాను. అదే ట్రాలీ, అదే నంబరు. పక్కకు చూశాను. నాయన గోనెపట్టా పరుచుకున్న చోటు నా బండి వెనక చక్రం పక్కనే కనిపిస్తోంది. అట్టతో విసురుకుంటూ, ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాను.

"ఈడనే ఉండాను" అన్నాను. "వస్తా."